ఈ విడత బడిలో మన పిల్లల చదువు

జూను నెలలో బడి తలుపులు తెరచి మూడు నెలలు దాటినవి. దసరా సెలవులకు ఇక కొలది దినములే మిగిలియున్నవి. ఇట్టి సమయమున ఇంటింటను ఒక ప్రశ్న పుట్టును: "ఇన్నాళ్ళూ బడిలో ఏం చెప్పారురా?" దానికి పిల్లవాడు ఇచ్చు సమాధానమును ఇంటింటను ఒక్కటే: "ఏం చెప్పలేదు." ఈ సమాధానము విన్న తండ్రులలో కొందరు నవ్వి ఊరకుందురు, కొందరు మరునాడుదయమే మా బడికి వచ్చెదరు. అట్లు వచ్చినవారికి వేరువేరుగా చెప్పుచు వచ్చిన సంగతులను నేడు శ్రోతలందరకును ఒక్కమారుగా చెప్పవలెనని మా కోరిక.

మేమనగా ఇద్దరము. ఉత్తరాంధ్రమున ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో ఒకటి మొదలు అయిదు వరకు గల తరగతులను ఇద్దరమే నడుపుచున్నాము. ఈ ప్రసంగమును కూడ ఇద్దరము కూర్చుండియే వ్రాసికొంటిమి. చదువు గొంతు ఒక్కటియైనను మాట ఇద్దరిది.

ముందుగా కాలము సంగతి చెప్పవలెను. 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము ఒకటి నుండి అయిదు తరగతులకు సంవత్సరమునకు కనీసము 200 పనిదినములు, 800 గంటల బోధన ఉండవలెను. అనగా రోజునకు నాలుగు గంటలు. అరువదిమంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెననియు ఆ చట్టమే చెప్పుచున్నది. మా బడిలో పేర్లు 58. కనుక ఇద్దరము. ఇద్దరము నాలుగేసి గంటలు విరామము లేక చెప్పినను ఎనిమిది గంటలు. వానిని అయిదు తరగతులకు పంచినచో తరగతికి వచ్చునది 1 గంట 36 నిమిషములు. అందులోనే తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడవ తరగతి మొదలుకొని వానితోపాటు పరిసరాల విజ్ఞానము. తక్కిన కాలమున పిల్లవాడు తనంత తానుగాని, పక్కవానితోగాని, పై తరగతివాని సాయముతోగాని పని చేసికొనవలెను.

ఇది ఏదియో కొత్తగా వచ్చిన లోపమని శ్రోతలు అనుకొనరాదు. మన వీధిబడులలో పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు అక్షరములు దిద్దించుట పూర్వమునుండి ఉన్నదే. చెన్నపట్టణమున అనాథ బాలుర విద్యాలయమునకు పర్యవేక్షకుడుగా ఉండిన ఆండ్రూ బెల్ అను ఆంగ్లేయుల మతాచార్యుడు, ఇచ్చటి పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, పిల్లలచేతనే పిల్లలకు చదువు చెప్పించు పద్ధతిని నడపి, 1797లో లండనులో దానిపై పుస్తకము ప్రకటించెను. ఆ పద్ధతికి వారి దేశమున చెన్నపట్టణపు పద్ధతియనియే పేరు వచ్చినది. మా అయిదవ తరగతి బాలిక యొకతె రెండవ తరగతి పిల్లలను చుట్టు కూర్చుండబెట్టుకొని చెప్పుచుండగా తలుపు దగ్గర నిలిచి వినుట మాకు మిక్కిలి ఇష్టము. మేము రెండుమారులు చెప్పి విసుగుకొను మాటను ఆమె ఏడుమారులు చెప్పును.

ఇక తరగతులలోనికి వత్తము. ఒకటవ తరగతి పిల్లల పలకలు, పుస్తకములు చూచి తల్లులు నిరాశ చెందుచున్నారు. మూడు నెలలైనను పుటలు నిండలేదు. బడిలో ఆటలు, పాటలు, చప్పట్లు తప్ప మరేమియు వినబడుటలేదు. దీనికి కారణము కలదు. మొదటి తరగతిలో చేరిన పిల్లలకు తొలి మూడు నెలలు ఆటపాటలతో చదువునకు సిద్ధపరుపవలెనని 2021లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ సంస్థవారు విద్యాప్రవేశ్ అను కార్యక్రమమును రూపొందించిరి. పేరు సంస్కృతమైనను పని తేలికయే. చప్పట్ల సంగతి చెప్పెదము. "కాకి" అనుచు రెండు చప్పట్లు. "అరటి" అనుచు మూడు. "ఆనపకాయ" అనుచు అయిదు. ఒక మాటలో ఎన్ని ధ్వనులున్నవో, అందు మొదటిది ఏది, చివరిది ఏది అని చెవి గుర్తుపట్టిన తరువాతనే కన్ను అక్షరమును గుర్తుపట్టును. చెవికి తెలియని ధ్వనికి చేతితో గుర్తు వ్రాయించుట, ముఖము తెలియని మనిషికి పేరు పెట్టుట వంటిది. చింతపిక్కలను, గవ్వలను, గులకరాళ్ళను వేరు చేసి పోగులు పెట్టించుటయు ఆట కాదు. లెక్కకు అదియే ఓనమాలు.

అక్షరములు వచ్చు వరుస కూడ మారినది. మన కాలమున అ, ఆ, ఇ, ఈ అని మొదలుపెట్టి బండి-ఱ వరకు పోయి, పిమ్మట గుణింతము, పిమ్మట ఒత్తులు, ఆ పిమ్మట మాటలు. ఇప్పుడు ముందుగా మాట, మాటలోనుండి అక్షరము. వరుస తప్పినదని తాతగారలు బాధపడుచున్నారు. మేమును మొదట బాధపడినవారమే. కాని ఆలోచింపగా వరుసగా చెప్పునది నోరు, వరుస తప్పి చెప్పవలసినది కన్ను. వర్ణమాల అంతయు గుక్క తిప్పుకొనక అప్పగించు పిల్లవానికి నడుమనున్న "ఢ" ఒక్కదానిని చూపి అడిగినచో, వాడు మొదటినుండి లోలోపల వల్లించుకొనుచు వచ్చుట మేము పలుమారులు చూచితిమి.

రెండవ తరగతివారు ఈ విడతలో గుణింతముతో పోరాడుచున్నారు. తలకట్టు, దీర్ఘము, గుడి, గుడిదీర్ఘము, కొమ్ము, కొమ్ముదీర్ఘము వరకు దారి సాఫుగానే ఉండును. ఒత్వము దగ్గర చిక్కు. "కొ, గొ, తొ" అను వానికి ఒక పోకడ. "మొ, యొ" అను వానికి వేరొక పోకడ. పెద్దలమైన మనము ఈ భేదమును గమనింపనైనను గమనింపము. ఏడేండ్ల పిల్లకు అది కొండ. పిమ్మట ఒత్తులు. చాలవరకు ఒత్తులు తలకట్టు పోగొట్టుకొని అక్షరమును పోలియే ఉండును గాని, త, న, మ, య, ర, ల అను ఆరును వేషము మార్చుకొని వచ్చును. పైగా క్రావడి అక్షరమునకు ఎడమనుండి చుట్టుకొని వచ్చును. పలుకుట మాత్రము తరువాత. "చక్రము" అను మాటను "చర్కము" అని చదివిన బాలికను మేము గద్దించలేదు. కన్ను చూచిన వరుసలోనే ఆమె చదివినది.

మూడవ తరగతి సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది.

ఆగస్టు నెల మొదటి వారములో మూడవ తరగతి బాలుని తండ్రి ఒకరు వచ్చిరి. అయిదవ తరగతి వరకు చదివి, పొలము పనిలో పడినవారు. చేతిలో కొడుకు నోటుపుస్తకము. "మాస్టారూ, రెండు నెల్లయింది. మావోడి పుస్తకం నాలుగు పేజీలు దాటలేదండి. పక్కూరి బడిలో మా బావమరిది కొడుక్కి రాత్రి పదింటిదాకా రాత పనేనండి. ఏమనుకోకండి, టీసీ ఇప్పించండి" అనిరి. మాకు కష్టము తోచినది. పుస్తకము పుటలు లెక్కపెట్టి చదువును కొలువరాదని చెప్పితిమి. అంతటితో ఊరకొనక, వాని చదువు చూడుడని బాలుని పిలిచి పాఠము చదివించితిమి. వాడు నిలువుగా నిలిచి, ఎక్కడను తడబడక, పుటన్నర పాఠమును ధారాళముగా చదివెను. మాకు గర్వము కలిగినది. తండ్రి ముఖమును విప్పారినది.

గోడమీద కూరగాయల పటము కలదు. బొమ్మ కింద పేరు. వెళ్ళబోవుచు తండ్రి దానిని చూపి, "ఇదేంట్రా?" అనెను. "ఆనపకాయ" అని బాలుడు చదివెను. మేము సరియని తల ఊపితిమి. తండ్రి కొంతసేపు పటము దగ్గర నిలిచి, వ్రేలు పెట్టి చూచుకొని, మెల్లగా అనెను: "మాస్టారూ, ఇక్కడ రాసింది సొరకాయ కదండీ?"

నిజమే. మా ప్రాంతమున దానిని ఆనపకాయ అందుము. పటములో సొరకాయ అని ఉన్నది. బాలుడు చదివినది బొమ్మను. అక్షరములను కాదు. అప్పుడు పాఠమును మరల తెరచి, నడుమనున్న ఒక మాటమీద వ్రేలు పెట్టి ఇదేమని అడిగితిమి. చెప్పలేకపోయెను. పైనున్న బొమ్మను చేతితో మూసి మొదటినుండి చదువుమంటిమి. చదివెను, కాని వాని కన్నులు పుస్తకముమీద లేవు. పాఠమంతయు పై తరగతివారు చదువగా విని విని కంఠస్థము చేసినాడు. చెవి అంత మంచిది. రెండు సంవత్సరములు మేమిద్దరమును వాని చెవిని చూచి కన్ను అనుకొంటిమి.

ఆ తండ్రి మమ్ములను నిందింపలేదు. నిందించిన బాగుండెడిదేమో. "దసరాదాకా చూస్తానండి" అని మాత్రము చెప్పి వెళ్ళిరి.

ఇది మా ఒక్క బడిలోని వింత కాదు. దేశమున పల్లెటూళ్ళలో ఇల్లిల్లు తిరిగి పిల్లలచేత చదివించి చూచు "అసర్" అను సర్వే కలదు. దాని లెక్క ప్రకారము ప్రభుత్వ బడులలో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు 2022లో నూటికి 16.3 మంది, 2024లో 23.4 మంది. పెరిగినదని సంతోషింపవచ్చును. తక్కిన డెబ్బదియారు మంది ఏమి చేయుచున్నారని అడుగవచ్చును కూడ. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి పిల్లయు అర్థము చేసికొనుచు చదువవలెననియు, చిన్న లెక్కలు చేయవలెననియు కేంద్రప్రభుత్వము 2021 జూలై 5వ తేదీన నిపుణ్ భారత్ అను కార్యక్రమమును ప్రారంభించి, 2026-27 విద్యాసంవత్సరమును గడువుగా పెట్టినది. మూడవ తరగతి బాలుడు నిమిషమునకు కనీసము అరువది మాటలు చదువవలెనని అందులో ఒక కొలత. ఆ కొలతపై మాకొక చిన్న పేచీ కలదు. తెలుగు మాట అనగా ఏది? "ఇంటికి వెళ్ళిపోయినవాడు" అనునది రెండు మాటలు; కొన్ని ఇతర భాషలలో దానికి నాలుగైదు కావలెను. మన మాట పొడుగు. తోక వెంట తోక తగులుకొనియుండును. అరువది తెలుగు మాటలు నిమిషములో చదివిన పిల్లవాడు ఇంటికి పోయి తీపి తినదగినవాడే.

ఆ దినమునుండి మేము చేయుచున్న పని ఇది. ప్రతిదినము మధ్యాహ్న భోజనమునకు ముందు ఇరువది నిమిషములు తరగతుల గోడలు తీసివేసి, రెండు, మూడు, నాలుగు తరగతులలో చదువ తడబడు పిల్లలను ఒక్కచోట కూర్చుండబెట్టుచున్నాము. ఏడుగురున్నారు. పాఠ్యపుస్తకము ముట్టము. అట్టముక్కలపై మాటలు. "మర, మరి, మారు, మూర": గుర్తు ఒకటి మారగానే మాట మారును. మర అనగా పిండిమర; మారు అనగా ఒకమారు; మూర అనగా మల్లెపూల మూర. ఇట్లు ఒక్కొక్క గుర్తుచేత ఒక్కొక్క వస్తువు పుట్టుట చూచి పిల్లలకు ఆశ్చర్యము. పిమ్మట "గడి, గడ్డి", "గుడి, గుడ్డి", "కల, కల్ల". ఒత్తు పడినచో అర్థమెంత దూరము పోవునో ఇచ్చట తెలియును. బొమ్మలు లేవు. ఊహించుటకు ఆస్కారము లేదు. మొదటి వారమున మన బాలుడు అట్టముక్క తిప్పి వెనుక బొమ్మ యున్నదేమో అని చూచెను.

సొరకాయ ఆనపకాయ సంగతి మాకు మరియొక పాఠము నేర్పినది. ఇంటి మాట ఒకటి, పుస్తకపు మాట వేరొకటి అయినప్పుడు ఏది తప్పు అని పిల్లవాడు మమ్ములను అడిగెను. రెండును ఒప్పే. పుస్తకములో ఉన్నదానిని ఉన్నట్లు చదువవలెను. ఇంట అనునది ఇంటనే ఉండవలెను. ఆగస్టు 29వ తేదీన మా బడిలో తెలుగు భాషా దినోత్సవము జరిపితిమి. అది గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో జన్మించిన దినము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, సవరల భాషను వారు తాము ముందుగా నేర్చుకొని, సవర పిల్లలకు వారి మాటలోనే పుస్తకములు వ్రాసి చదువు చెప్పించిరి. పిల్లవాని నోటి మాటను చిన్నచూపు చూడని ఉపాధ్యాయులు వారు. వాడుక భాషకై పోరాడిన ఆ మహనీయుని సంగతిని ఇట్టి పుస్తకపు భాషలో చెప్పుట శ్రోతలకు నవ్వు పుట్టింపవచ్చును. బడిలో మేమిట్లు మాటలాడము. రేడియో అనగానే కొంత ఇస్త్రీ బట్ట కట్టవలెననిపించినది.

ఇక లెక్కలు. ఎక్కములు కంఠస్థము చేయించుట మానివేసిరని పెద్దల ఫిర్యాదు. మానలేదు. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పదునాలుగు అని మా పిల్లలు పాడుచునే ఉన్నారు. కాని ఏడెనిమిదులు ఎంత అని తటాలున అడిగినచో మొదటినుండి పాడి వచ్చు పిల్లలు కలరు. వారికి మరియొక తోవ చూపుచున్నాము. ఏడైదులు ముప్పదియైదు, ఏడు మూళ్ళు ఇరువదియొకటి. రెంటిని కలిపిన యాబదియారు. ఎక్కము మరచినవాడు ఎక్కమును తిరిగి కట్టుకొనగలడు. అది మాకు ముఖ్యము.

తీసివేత దగ్గర మూడవ తరగతి వారు చేయు తప్పు ఒకటి మీ యింటి పుస్తకములోను ఉండవచ్చును. 52లో నుండి 27 తీసివేయుమనగా 35 అని వ్రాయుదురు. అశ్రద్ధ అని కోపపడకుడు. రెండులోనుండి ఏడు పోదు కనుక, పెద్దదానిలోనుండి చిన్నది తీసినాడు: ఏడులో రెండు పోగా అయిదు. అయిదులో రెండు పోగా మూడు. వానికి తెలిసిన న్యాయమును వాడు పాటించినాడు. ఒకట్లకు పదులకు గల సంబంధము తెలియకపోవుటయే ఇచ్చటి లోపము. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి ఇచ్చినచో, అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఇరువదియేడు పుల్లలు ఇమ్మనగా కట్ట ఒకటి విప్పక తప్పదు. కట్ట విప్పుటయే మనము "అప్పు తెచ్చుట" అనుచున్న క్రియ. అప్పు అనిన మాట మాకు నచ్చదు. తెచ్చినవాడు తిరిగి ఇచ్చినది ఎన్నడును లేదు. నూటయైదు వ్రాయుమనగా 1005 అని వ్రాయుటయు ఇట్టిదే. చెవి విన్నది నూరు, పిమ్మట అయిదు. చేయి అట్లే వ్రాసినది.

లెక్కకు మా బడిలో మంచి పుస్తకము మధ్యాహ్న భోజనపు వంటశాల. కోడిగ్రుడ్లు ఇచ్చు దినమున నాలుగవ తరగతివారు తరగతి తరగతికి పోయి తలలు లెక్కపెట్టి వత్తురు. అట్టకు ముప్పది గ్రుడ్లు. ఒకనాడు 49 మంది వచ్చిరి. ఒక అట్ట చాలదు, రెండు విప్పినచో 60, మిగులు 11. వంట చేయు అమ్మ ఆ లెక్క విని పదకొండు పక్కన పెట్టును. లెక్క తప్పినచో ఎవరికో గ్రుడ్డు ఉండదు. ఎర్రసిరాతో మేము కొట్టు ఇంటు గుర్తుకంటె ఆ భయము గొప్పది.

పరిసరాల విజ్ఞానమున మూడు, నాలుగు తరగతులవారు ఊరి పటము గీసిరి. ప్రతివాని పటమునందును వాని యిల్లు చెరువుకంటె పెద్దది. దిక్కులు మాత్రము అందరును సరిగా పెట్టిరి.

ఇంగ్లీషును గురించి అడుగకుండ మా బడి గడప దాటు తల్లిదండ్రులు లేరు. నేడు రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వ పాఠ్యపుస్తకములును ఒక పుట తెలుగులో, దాని ఎదుటి పుట ఇంగ్లీషులో ఉండునట్లు అచ్చగుచున్నవి. ఏ పుట చదువవలెనని తగవు. మా అనుభవమున ఎడమ పుటను అర్థము చేసికొని చదివిన బాలిక కుడి పుటకు తానే పోవును. బొమ్మ ఒకటే, లెక్క ఒకటే, కనుక ఆ కొత్తమాట దేనికి పేరో ఆమెకు ముందే తెలియును. ఎడమ పుట రానివానికి కుడి పుట కేవలము గీతలు. మూడవ తరగతి బాలుడు సొరకాయను ఆనపకాయ అని చదివినట్లే, బంతి బొమ్మను చూచి "బాల్" అని చదువు పిల్లలు ఎందరో కలరు. ఇంగ్లీషు వచ్చినదని ఇంట పండుగ.

రేడియో గల యిండ్లవారితో మాటలాడుచున్నాము కనుక చెవిని గురించి ఒక మాట. పైన చెవిని నిందించినట్లు కనబడవచ్చును. అట్లు కాదు. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావుగారును, రేడియో అక్కయ్య కామేశ్వరిగారును నడపిన పిల్లల కార్యక్రమములు విని తెలుగు నేర్చిన తరము కలదు. పిమ్మట "విందాం నేర్చుకుందాం" అను రేడియో పాఠములు కొన్ని సంవత్సరములు ప్రసారమైనప్పుడు, తరగతి గదిలో పెట్టె ముందు కూర్చున్న పిల్లలు గొంతు చెప్పినట్లు లేచి, కూర్చుండి, జవాబు చెప్పుట మాకు జ్ఞాపకము. మాట సంపద చెవినుండియే వచ్చును. కథ విన్న పిల్లకు కథ చదువుట సులభము. కనుక రాత్రి నాటకమో కథయో విన్న తరువాత, ఏమి జరిగినదో చెప్పుమని పిల్లను అడుగుడు. వరుస తప్పినను దిద్దవలదు. చివరివరకు చెప్పనిండు.

పుస్తకము చదివించునప్పుడు మాత్రము కొంచెము కపటము అవసరము. పాఠము మొదటినుండి చదివింపకుడు. నడుమనుండి ఒక వాక్యము చూపుడు. బొమ్మను అరచేత మూయుడు. కిరాణా కొట్టు పొట్లము కాగితము, బస్సు మీది ఊరి పేరు, పెండ్లి పిలుపు, పాత వారపత్రిక, ఏదైనను సరే. బడి పుస్తకము కానిది చాలును. పది నిమిషములకు మించవలదు. పదకొండవ నిమిషమున మీకు కోపము వచ్చును. చదువురాని తల్లులు మేమేమి చేయుదుమని అడుగుచున్నారు. చదివిన మాటకు అర్థమేమని అడుగుటకు అక్షరములు రానక్కరలేదు. ఆనపకాయ ఎట్లుండునో ఆ తల్లికి మాకంటె బాగుగా తెలియును.

ఆ బాలుని సంగతి చెప్పి ముగించెదము. ఆరు వారములైనది. ఒత్తులు లేని మాటలను ఇప్పుడు కన్నుతోనే చదువుచున్నాడు. నిదానముగా చదువును, పూర్వపు ధారాళము పోయినది. తరగతిలోని వారు, "వీడికి ఇదివరకు బాగా వచ్చేది, ఇప్పుడు మరిచిపోయాడు" అనుచున్నారు. వానికి అది అవమానముగా ఉన్నది. ఒకనాడు కండ్లనీళ్ళు పెట్టుకొని పాత పాఠమును మరల గడగడ అప్పగించి చూపెను. మేము వినుచు కూర్చుంటిమి. ఒత్తు కనబడినచోట నేటికిని ఆగిపోవును. ద్విత్వములు కొంతవరకు పట్టుబడినవి. "అక్క, అవ్వ, పువ్వు" అనును. "రాష్ట్రము" దగ్గర పుస్తకము మూసివేయును. దానిని మేమును తప్పుపట్టము.

సెలవులకు ముందటి దినమున సాయంకాలము తండ్రి వచ్చెదనని కబురు పంపినాడు. చదువవలసిన కాగితమును తానే తెచ్చునట. అది ఏ కాగితమో మాకు చెప్పలేదు. చెప్పవలదని మేమే కోరితిమి. ఆ దినమునకు ఇంకను పండ్రెండు బడిదినములున్నవి. ఈ వారము క్రావడియు, త-ఒత్తును చెప్పుచున్నాము.